ఫ్రీస్టైల్ దిద్దుకుంటున్న మేనల్లునికి

హనుమకొండ

చిరంజీవి మేనల్లునికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. కొలనులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక లెంగ్త్ అనుకుంటే, రెండు లెంగ్త్‌లు ఫ్రీస్టైల్ ఈత (బోర్లా తేలుతూ చేతులు మార్చి మార్చి వేసేది) కొట్టేసరికి ఆయాసం వచ్చి గోడ పట్టుకోవలసి వస్తున్నదనీ, నలభై దాటాక ఇక దమ్ము పెరగదేమోననీ రాశావు. రోజూ పొద్దున అరగంట ఆగకుండా పరుగెత్తే మనిషికి యాభై మీటర్ల ఈతకు దమ్ము చాలకపోవడమన్నది ఉండదు. నీవు నీళ్లలో ఊపిరి వదలడం లేదు, పైగా తల ఎత్తి ఈదుతున్నావు. దూరం పెంచే ఆలోచనను కొన్ని వారాలు పక్కన పెట్టి, ముందు ఈ రెండింటినీ సరిచేసుకోవాలని నా గట్టి సలహా.

మన వైపు నీ వయసు వాళ్లు చాలామంది నడుముకు బెండు కట్టుకొని మోటబావిలో ఈత నేర్చుకున్నవారే. బావిలో నాలుగు చేతులు వేస్తే అవతలి ఒడ్డు వస్తుంది. పై నుంచి ఎవరు దూకుతున్నారో, మెట్లు ఎటున్నాయో చూసుకోవాలి కనుక తల పైనే ఉంచడం అలవాటవుతుంది. ప్రాణం కాపాడుకోవడానికి ఆ ఈత ఎంతో మంచిది, దానిని నేను తక్కువ చేయను. కానీ కొలనులో దూరం ఈదేటప్పుడు అదే అలవాటు అడ్డు వస్తుంది. తక్కెడలో ఒక పళ్లెం లేస్తే రెండోది దిగినట్టు, తల లేచిన ప్రతిసారీ నడుమూ కాళ్లూ కిందికి జారుతాయి. గాలి కంటే నీరు దాదాపు 800 రెట్లు చిక్కనిది. ఏటవాలుగా వేలాడే శరీరాన్ని దాని గుండా ముందుకు లాగడానికే నీ బలమంతా ఖర్చవుతున్నది. మెడ వదులుగా ఉంచి, కొలను అడుగున ఉన్న గీతను చూస్తూ ఈదు. నడుము తనంతట తానే పైకి తేలడం మొదటి రోజే తెలుస్తుంది.

ఇక ఊపిరి సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మిగతా అన్నింటికీ మూలం ఇదే. ఊపిరి బిగబట్టినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. గాలి కావాలన్న తహతహను పుట్టించేది ప్రధానంగా అదే. నీవు ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల తిప్పిన ఆ క్షణంలోనే వదలడమూ పీల్చడమూ రెండూ చేయాలని చూస్తున్నావు. అంత తక్కువ సమయంలో రెండు పనులూ సాగవు. సగం వదిలి సగం పీల్చిన ఊపిరితో నాలుగైదు సార్లు గడిచేసరికి ఎంత బలమున్న వాడైనా గోడ పట్టుకోవలసిందే. ముఖం నీళ్లలోకి వెళ్లగానే ముక్కుతోనూ నోటితోనూ సన్నగా బుడగలు వదలడం మొదలుపెట్టి, తల తిప్పే ముందు మిగిలినది ఊదేయాలి. తల తిప్పినప్పుడు పీల్చడం తప్ప మరో పని ఉండకూడదు. ఛాతీ లోతు నీళ్లలో గట్టు పట్టుకొని నిలబడి, ఈత మొదలుపెట్టే ముందు ప్రతిరోజూ ఐదు నిమిషాలు దీనిని సాధన చేయి.

తల తిప్పేటప్పుడు ఒక చెవీ, గాగుల్స్‌లో ఒక అద్దమూ నీళ్లలోనే ఉండాలి. తల ముందుకు సాగుతున్నప్పుడు దాని ముందు చిన్న అల లేచి, చెంప పక్కన నీరు కొంచెం పల్లమవుతుంది. నోటికి గాలి ఆ పల్లంలోనే దొరుకుతుంది కనుక తల ఎత్తవలసిన అవసరం లేదు. మూడు చేతులకు ఒకసారే ఊపిరి తీసుకోవాలని కొందరు కోచ్‌లు పట్టుబడతారు. నేర్చుకునే దశలో ఆ పట్టుదల మంచిది కాదని నా అభిప్రాయం. రెండు చేతులకు ఒకసారి నిండుగా గాలి తీసుకో. వెళ్లేటప్పుడు కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు తిరిగితే రెండు పక్కలా అలవాటవుతుంది, మెడా భుజాలూ ఒక పక్కకే అలసిపోవు.

కాళ్లను ఎక్కువ కొట్టకు. తొడ కండరాలు శరీరంలోకెల్లా పెద్దవి, ప్రాణవాయువును అంతే ఎక్కువగా తింటాయి; పరుగుకు అలవాటుపడిన వారికి చీలమండలు బిగుసుకొని ఉండటం వల్ల, ఎంత తన్నినా ముందుకు సాగేది తక్కువ. మోకాలు మడిచి తన్నకుండా తుంటి నుంచి కాలిని కదిలిస్తూ, పాదాలు వదులుగా ఉంచి, చేతికి ఒక తన్ను చొప్పున మెల్లగా సాగించు. అంత మాత్రం చాలు.

చేతుల విషయంలో నాకు చాలా పట్టింపు ఉంది. చేయి నీళ్లలోకి భుజానికి సూటిగా ముందు, వేళ్ల కొనలు ముందుగా దిగాలి. చేయి తల మధ్యగీత దాటి అవతలి పక్కకు పోతే శరీరం పాములా వంకర తిరగడమే కాక, భుజం కీలు నొప్పి పుడుతుంది. దిగిన చేతిని వెంటనే కిందికి అదమకు, అలా చేస్తే తల లేస్తుందే తప్ప ముందుకు సాగవు. మోచేయి పైనే ఉంచి, అరచేయీ ముంజేయీ కలిసి వెనక్కి చూసేలా వంచి, నీటిని తొడ వరకు వెనక్కి నెట్టు. శరీరం ఒక పక్క నుంచి మరో పక్కకు కొద్దిగా దొర్లుతూ ఉంటే ఈ బలం వీపు నుంచి వస్తుంది, భుజం ఒక్కటే మోయదు. పిడికిళ్లు బిగించి ఒక లెంగ్త్ ఈది, వెంటనే అరచేతులు తెరిచి మరొకటి ఈదితే ముంజేయి చేసే పని నీకే తెలుస్తుంది. అరచేతులకు తొడిగే ప్యాడిల్స్ మాత్రం ఇప్పుడే కొనవద్దు. పద్ధతి కుదరని భుజానికి అవి అదనపు భారం.

మీ కొలను 25 మీటర్లదని రాశావు కనుక ఒక లెంగ్త్‌కు ఎన్ని చేతులు పడుతున్నాయో లెక్కపెట్టుకో. నెల తిరిగేసరికి అదే వేగంతో రెండు మూడు చేతులు తగ్గితే పద్ధతి కుదురుతున్నట్టే.

ఫ్రీస్టైల్ వేగానికే గానీ దూరానికి పనికిరాదన్న అనుమానం పెట్టుకోకు. 1875లో మాథ్యూ వెబ్ అనే ఈతగాడు ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్యనున్న ఇంగ్లిష్ చానెల్‌ను కప్పలా ఈదే బ్రెస్ట్ స్ట్రోక్‌తో దాదాపు 22 గంటల్లో దాటితే, 1926లో గెర్ట్రూడ్ ఎడెర్లీ అనే యువతి మనం ఫ్రీస్టైల్ అంటున్న ఇదే క్రాల్ ఈతతో 15 గంటలలోపే దాటి, అంతకుముందు దాటిన పురుషులందరినీ మించింది. దూరం ఈదడమంటే మెల్లగా మొదలుపెట్టడమే. నీటిలో వేగం రెట్టింపు చేస్తే ఎదురయ్యే నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది కనుక మొదటి లెంగ్త్‌లో తొందరపడిన వాడు మూడో లెంగ్త్‌లో దాని మూల్యం చెల్లిస్తాడు.

వారానికి ఒకరోజు రెండు గంటలు ఈదడం కంటే మూడు రోజులు నలభై నిమిషాల చొప్పున ఈదడం మేలు. మొదట 25 మీటర్లు పన్నెండు సార్లు, ఒక్కో దాని తర్వాత ఊపిరి కుదుటపడేదాకా ఆగుతూ చేయి. అది సులువయ్యాక 50 మీటర్లు ఎనిమిది సార్లు, మధ్యలో 30 సెకన్ల విరామంతో. ఆ తర్వాత 100 మీటర్లు ఐదారు సార్లు. దూరం పెంచిన వారం విరామం తగ్గించకు, విరామం తగ్గించిన వారం దూరం పెంచకు. చివరి లెంగ్త్‌లో చేతుల లెక్క బాగా పెరిగిందంటే పద్ధతి చెడిందని అర్థం, ఆ రోజుకు అక్కడే ఆపేయి. చెడిన పద్ధతితో ఈదిన ప్రతి లెంగ్త్ ఆ చెడునే అలవాటు చేస్తుంది.

కండరం అలసటకూ భుజం కీలు నొప్పికీ తేడా గమనించు. కీలులో పోటు వస్తే వారం రోజులు విశ్రాంతి ఇవ్వాలి. ఛాతీ బరువుగా అనిపించినా, తల తిరిగినా వెంటనే గట్టెక్కి డాక్టర్‌ను కలవాలి. ఎండాకాలంలో నీళ్లలో ఉన్నా చెమట పోతుంది కనుక నీళ్ల సీసా గట్టు మీద ఉంచుకో. దమ్ము పెరిగింది కదా అని మానేరు డ్యామ్‌లోనో కాకతీయ కాలువలోనో దిగడం మాత్రం నేను ఒప్పుకోను. కాలువ గట్లు సిమెంటు పూతతో ఏటవాలుగా, నాచుతో జారుడుగా ఉంటాయి. పారుతున్న నీటిలో ఎంత మంచి ఈతగాడికైనా పట్టు దొరకదు.

ఆపకుండా 400 మీటర్లు ఈదగలిగిన రోజు రాగానే, ఒక పరీక్ష చేసుకో. 400 మీటర్లకు పట్టిన సమయం రాసుకొని, బాగా విశ్రాంతి తీసుకొని 200 మీటర్లు ఈది ఆ సమయమూ రాసుకో. మొదటి దాని నుంచి రెండో దానిని తీసివేసి సగం చేస్తే, 100 మీటర్లకు నీవు నిలకడగా పట్టుకోగల వేగం తెలుస్తుంది. ఉదాహరణకు 400కు 10 నిమిషాలు, 200కు 4 నిమిషాల 40 సెకన్లు పడితే, నీ నిలకడ వేగం 100 మీటర్లకు 2 నిమిషాల 40 సెకన్లు. ఆ రెండు సమయాలతో పాటు మొదటి లెంగ్త్‌కూ చివరి లెంగ్త్‌కూ పడిన చేతుల లెక్కను కూడా నాకు రాసి పంపు. తర్వాతి మూడు నెలలు ఏ వేగంతో, ఎంత విరామంతో ఈదాలో వాటిని చూసి చెబుతాను.

ఇట్లు,
మామయ్య