అల్లుడూ, ఆ పాత ఆయిలింజను ఏ కంపెనీదో తేలేదాకా అమ్మకు

నువ్వు పంపిన ఫోటోలు నాలుగూ చూశాను. గడ్డికుప్ప పక్కన అన్నేళ్ళు పడున్నా రెండు చక్రాలూ పగలకుండా ఉన్నాయి, నాకు చాలా సంతోషం వేసింది. కానీ "మావయ్యా, దాని మీద మైకో అని ఉంది, మైకో ఇంజనట, పాత ఇనుము కొనే అతను కేజీల లెక్కన అడుగుతున్నాడు" అని రాశావు చూడు, అక్కడ ఆగు. మైకో అన్నది ఇంజను పేరు కాదు. బెంగళూరులో 1951లో మొదలైన ఆ కంపెనీ ఇంజను లోపలికి డీజిల్ కొట్టే పంపులు, నాజిళ్ళు చేసేది, వాటిని వేరే కంపెనీలవాళ్ళు కొనుక్కుని తమ ఇంజన్లకి బిగించుకునేవారు. ట్రాక్టర్లకీ ఇదే గొడవ, డైనమో మీద లూకాస్ అని ఉంటే లూకాస్ ట్రాక్టరు అనేస్తారు.

నేనూ ఈ తప్పు చేశాను. పని నేర్చుకున్న కొత్తలో పాలకొండ వైపు ఒక రైతు ఇంజనుకి పిస్టన్ రింగులు కావలసివస్తే, డీజిల్ పంపు మీద పేరు చూసి ఇంజనూ ఆ కంపెనీదే అనుకుని శ్రీకాకుళం పోయి తెచ్చాను. సైజు కలవలేదు. వరి పొట్ట మీద ఉంది, మళ్ళీ సరైనవి తెచ్చి బిగించేసరికి మూడు రోజులు మడికి నీళ్ళు లేవు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు గానీ, ఆ నెర్రెలిచ్చిన మడి నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది. అప్పట్నుంచి ఇనుము మీద పోతపోసిన అక్షరం చూడకుండా ఏ ఇంజనుకీ పేరు చెప్పలేదు.

ముందు నేంప్లేటు వెతుకు. ఫోటోలో పక్క తలుపు మీద రెండు రివిట్ల మధ్య మట్టి పట్టిన చదరం ఒకటి కనబడుతోంది, అదే అయ్యుంటుంది. ఎమరీ కాగితం, వైరు బ్రష్షు దాని దగ్గరికి తేవద్దు. ఇత్తడి రేకు మీద అక్షరాలు గోరంత లోతు కూడా ఉండవు, ఒక్కసారి గట్టిగా రుద్దితే పోయినట్టే. కిరసనాయిల్లో తడిపిన గుడ్డని రాత్రంతా దాని మీద అంటించి ఉంచు, పొద్దున్న మెత్తటి గుడ్డతో తుడువు, ఆరాక సుద్దముక్కని అడ్డంగా పెట్టి దాని మీద తేలిగ్గా పూయి. చీకటి పడ్డాక టార్చిలైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి, రేకుకి ఆనించినట్టు పట్టుకుని చూడు. పగలు ఏమీ లేదనుకున్న చోట అక్షరాల నీడలు లేస్తాయి. ఫోటో కూడా అప్పుడే తీయి.

ప్లేటు మీద పేరు ఒక్కటే చదివి వదిలేయకు, అడ్రసు కూడా చదువు. వయసు చెప్పేది అదే. ఊరి పేరు చివర ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే ఆ ప్లేటు 1972 ఆగస్టు 15 తర్వాతదే, ఎందుకంటే పిన్‌కోడ్ వచ్చిందే ఆ రోజు. పూనా అని ఉంటే చాలావరకు 1978కి ముందుది, ఆ తర్వాత పూణే అయింది. డీలరు కొట్టిన చిన్న రేకు విడిగా ఉంటే దాన్నీ వదలొద్దు. "బొబ్బిలి, శ్రీకాకుళం జిల్లా" అని ఉందనుకో, విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న కాబట్టి ఇంజను అంతకుముందే అమ్ముడై ఉంటుంది. ఇలాంటి రేకులు మన వైపు ఇంకా కొన్ని ఉన్నాయి, ఎవరూ చూడరు.

ప్లేటు ఊడిపోయి ఉంటే ఇనుమే చెప్పాలి. బ్లాకు, చక్రం, నీళ్ళ పంపు ఒక్కోటీ చేత్తో తడిమి చూడు. ఉబ్బెత్తుగా పోసిన అంకె ఆ భాగం నంబరు, ఆ మోడలు ఇంజన్లన్నిటికీ అదే ఉంటుంది. గుద్ది కొట్టిన అంకె, అంటే లోపలికి దిగినది, ఆ ఒక్క ఇంజనుదే. రెండూ విడివిడిగా రాసుకో, కలిపేస్తే ఎవరూ ఏమీ చెప్పలేరు.

రెండు పెద్ద చక్రాలు బయటికి ఉన్నాయి కాబట్టి లిస్టర్ రకమని నా అనుమానం. అసలు లిస్టర్ ఇంగ్లాండులో డర్స్‌లీ అనే ఊరిది, ఆరు హార్స్‌పవరుది నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది. అచ్చం అలాంటివే మన దేశంలో రాజ్‌కోట్‌లో చాలా ఫౌండ్రీలు పోశాయి, వాటిని తక్కువగా చూడకు, విదేశాలవాళ్ళు కూడా ఇష్టంగా తెప్పించుకుని నడుపుకున్నారు. ఏ ఫౌండ్రీదో ప్లేటే చెప్పాలి. రకం మాత్రం సిలిండరు అడ్డుకొలత చెబుతుంది, రింగు సైజు అంటే అదే. మీ తాతగారు సామాన్లు దాచే రేకు డబ్బా ఒకటి ఉండేది, అందులో పాత రింగుల ప్యాకెట్టు దొరికితే దాని మీద సైజు చూడు. నాలుగున్నర అంగుళాలు, లేదా 114.3 మిల్లీమీటర్లు అని ఉంటే లిస్టర్ రకమే. 80 మిల్లీమీటర్లు అని ఉంటే వేరే జాతి, 1500 చుట్ల ఇంజను, కిర్లోస్కర్ కంపెనీ ఏవీ వన్ మోడలు లాంటిది.

మీ మామ్మని కూడా అడుగు. నూతి దగ్గర ఇంజను మోత ఎలా ఉండేదో ఆవిడకి తెలియకుండా ఉండదు. దెబ్బ దెబ్బకీ మధ్య ఖాళీ తెలిసేలా డుగ్, డుగ్ అని గెడ్డ అవతలికి వినిపించేదంటే 650ది, రెండు చుట్లకి ఒక దెబ్బ కాబట్టి సెకనుకి ఐదు దెబ్బలు. విడిగా తెలియకుండా ఒకటే మోత అంటే 1500ది.

నట్లకి పానా పట్టి చూడు. పాత ఇంగ్లీషు ఇంజనైతే 13, 17 మిల్లీమీటర్ల పానాలు వదులుగానో బిగువుగానో ఉంటాయి, అంగుళాల పానా అయితే అతికినట్టు కూర్చుంటుంది. ఇది సాక్ష్యమే తప్ప తీర్పు కాదు, నట్లు మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు. రంగునైతే అసలు నమ్మకు. దసరాకి ఆయుధ పూజ అని మీ తాతగారే చేతికందిన రంగు వేసేవారు, నేను చూశాను. కావాలంటే డీజిల్ ట్యాంకు పట్టీ విప్పి దాని కింద చూడు, మొదటి రంగు అక్కడ మిగిలి ఉంటుంది.

ఒక్క పని మాత్రం చేయకు. తుప్పు పట్టిన దాన్ని హ్యాండిలు పెట్టి బలంగా తిప్పొద్దు, వాల్వులు పట్టేసి ఉంటే వాటిని తోసే కడ్డీలు, పుష్‌రాడ్లు, వంగిపోతాయి. హెడ్డు మీద నాలుగు చుక్కలు డీజిలు వేసి అలాగే ఉంచు.

ప్లేటు ఫోటో, గుద్దిన నంబరు, రింగు సైజు, ఈ మూడూ నాకు వాట్సాప్‌లో పెట్టు. ఆదివారం రాజాం వస్తున్నాను, నా అంగుళాల పానాలు తెస్తాను. ఇనుము కొనే అతను ఈలోగా వస్తే మావయ్య చూడాలన్నాడని చెప్పు, అడ్వాన్సు మాత్రం తీసుకోకు.

మీ మావయ్య