సందేహాలు – సమాధానాలు: విప్లవం మంచి మాటేనా?

సందేహం: ఇరాన్‌లో పెరిగిన మర్జానే సత్రాపీ బొమ్మల ఆత్మకథ ‘పర్సెపోలిస్’ చదువుతున్నాను. 1979లో అక్కడ జరిగినదాన్ని విప్లవం అంటున్నాం. నిఘంటువులో విప్లవానికి ఉపద్రవం, నాశనం అని అర్థాలున్నాయి. తిరుగుబాటు అనాలా?

సమాధానం: నిఘంటువు చెప్పింది నిజమే. ‘ప్లు’ ధాతువు నీళ్లలో పుట్టినట్టుంటుంది. తేలడం, గెంతడం, ముంచెత్తడం అన్నీ దానివే. ప్లవం అంటే తెప్ప. గెంతుతూ పోయే కోతి ప్లవగం. పిల్లలు సైన్సులో చదివే ఉత్ప్లవనమూ ఈ ఇంటిదే. దీనికి ‘వి’ చేరితే అంతా కొట్టుకుపోవడమే. సంస్కృత నిఘంటువు అమరకోశంలో అమరసింహుడు ‘డింబే డమరవిప్లవౌ’ అని అల్లకల్లోలానికి పర్యాయపదంగా చెప్పాడు.

నాకు ప్రాణమైన ప్రయోగం హితోపదేశంలో ఉంది:

ఉత్సవే వ్యసనే చైవ దుర్భిక్షే రాష్ట్రవిప్లవే
రాజద్వారే శ్మశానే చ యస్తిష్ఠతి స బాంధవః

విప్లవాన్ని కరువు పక్కన కూర్చోబెట్టారు చూడండి. అలాంటప్పుడు, రాజద్వారంలోనూ శ్మశానంలోనూ తోడు నిలిచినవాడే చుట్టం. మీరు చదివే పుస్తకంలో మర్జానే బాబాయి అనూష్ అప్పటి రాజు షా జైల్లో ఏళ్లు గడిపి, విప్లవం వచ్చాక బయటపడతాడు. ఆ కొత్త పాలనే మళ్లీ పట్టుకుని చంపేస్తుంది. చావుకు ముందు ఒక్కరినే చూడనిస్తామంటే ఆయన పిలిపించుకున్నది చిన్నపిల్లయిన మర్జానేని. ఈ శ్లోకానికి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు.

ఇరానీయుల మాట ఎంఖెలాబ్. మన ఊరేగింపుల్లో వినబడే ‘ఇంక్విలాబ్’ అదే. అరబ్బీ మూలంలో దానికి తలకిందులవడం, తిరగడం అని అర్థం. అందుకే ఆ పుస్తకంలో విప్లవాన్ని సైకిల్‌తో పోల్చి, చక్రాలు తిరగకపోతే పడిపోతుందన్నప్పుడు వాళ్ల మాటకు చక్కగా అతుకుతుంది. మన మాటలో ఉన్నది చక్రం కాదు, వరద.

ఇరవయ్యో శతాబ్దంలో తెలుగువాళ్లు ఈ మాటకు ఆశను జోడించారు. 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టేనాటికి అది గర్వంగా పెట్టుకునే పేరైంది. ఆ అర్థమూ సాధువే. నాకు బాధ కలిగించేది ఇప్పటి వాడకం. టూత్‌పేస్టూ విప్లవాత్మకమే, చీరల డిస్కౌంటూ విప్లవమేనా? జనం ప్రాణాలు పెట్టిన మాటను అలా పలచన చేయకండి.

తిరుగుబాటు విఫలమైనా తిరుగుబాటే. 1979లో రాజరికమే పోయింది కాబట్టి విప్లవమే మేలనిపిస్తుంది. అయితే అనూష్ మరణం దగ్గర మాత్రం ఆ మాటను పాత అర్థంలో చదివినా నేను తప్పనను. 1980లో ఇరాక్‌తో మొదలైంది యుద్ధం, దాన్ని ఇందులో కలపకండి. ‘బొమ్మల ఆత్మకథ’ అన్నారు, బాగుంది, అలాగే ఉంచండి.