‘అనుమానిత’ అన్న మాట తీసేయకు

తమ్ముడూ,

రాత్రి నువ్వు పంపిన వ్యాఖ్యానం రెండుసార్లు చదివాను. యుద్ధం నడుస్తున్న చోట కలరా కూడా మొదలైందన్న వార్త వచ్చిన గంటలోపే రాసేశావు. నీ బాధ నిజమైనది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండో పేరాలో ‘వందల మందికి కలరా సోకింది’ అన్నావు. వార్తలో ఉన్నది ‘వందల అనుమానిత కేసులు’. ఆ ఒక్క మాట నీ తొందరలో జారిపోయింది. నీళ్ల విరేచనాలతో వచ్చినవాళ్లను ముందు అనుమానితుల కిందే రాసుకుంటారు. నమూనా ల్యాబ్‌కి చేరితేనే నిర్ధారణ. బాంబులు పడేచోట అది చేరడమే గగనం. యెమెన్‌లో 2017 చివరికి 10 లక్షలకు చేరిన లెక్క కూడా అనుమానిత కేసులదే. ఆ సంగతి చెప్పినంత మాత్రాన అక్కడి ఘోరం తగ్గిపోదు. పంపులకు ఇంధనం లేదు, మురుగునీటి వ్యవస్థ దెబ్బతింది, ఆరోగ్య సిబ్బందికి నెలల తరబడి జీతాల్లేవు. నువ్వు రాయాల్సింది ఇదీ. ఆగిపోయిన పంపుకీ, మంచం పట్టిన పిల్లవాడికీ మధ్య దారి ఎలా ఉందో చూపించు.

నిర్ధారణ అయ్యేదాకా నోరు మెదపొద్దని కాదు నేననేది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1918 సెప్టెంబరు 28న, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో యుద్ధ బాండ్లు అమ్మి యుద్ధానికి డబ్బు పోగుచేయడం కోసం ఊరేగింపు తీశారు. ఫ్లూ అప్పటికే ఊళ్లోకి వచ్చింది. ఆపమని డాక్టర్లు మొత్తుకున్నారు. జనం ధైర్యం చెడుతుందని పత్రికలు ఆ మాట వేయలేదు. దాదాపు 2 లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. రోజుల్లోనే ఆస్పత్రులు నిండిపోయాయి. ఆ రోజు ‘డాక్టర్లు వద్దంటున్నారు’ అని రాయడానికి ఏ నిర్ధారణా అక్కర్లేదు.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త. అప్పట్లో యుద్ధంలో ఉన్న దేశాల్లో సెన్సారు. తటస్థంగా ఉన్న స్పెయిన్ పత్రికలు మాత్రం, తమ రాజు పదమూడో అల్ఫోన్సో జబ్బుపడ్డ సంగతితో సహా, ఉన్నదున్నట్టు రాశాయి. దాంతో ఆ ఫ్లూ అక్కడిదే అన్నట్టు ‘స్పానిష్ ఫ్లూ’ అని పేరు పడిపోయింది. ఆ ముద్ర వందేళ్లు దాటినా పోలేదు. నీ మూడో పేరాలో శరణార్థులే జబ్బు మోసుకొచ్చారన్నట్టు ఒక వాక్యం ఉంది. అది కొట్టేయి, తమ్ముడూ.

నేనూ ఒకసారి ఒక పక్షం సైన్యం చెప్పిన మృతుల లెక్క, చెప్పిందెవరో రాయకుండా వాడాను. మర్నాటికి అది సగానికి తగ్గింది. సవరణ రాశాను, కానీ చాలామంది దగ్గర మొదటి అంకే ఉండిపోయింది. అప్పటినుంచీ ప్రతి అంకె పక్కనా ఎవరు చెప్పారో, ఎన్నింటికి చెప్పారో రాస్తున్నాను.

ఆ రెండు పేరాలూ మార్చి రాత్రికి పంపు. ఎంత పొద్దుపోయినా మేలుకునే ఉంటాను.

మీ అన్నయ్య