కళ్లు కదులుతున్నాయి, బుర్రకెక్కడం లేదు

ప్రశ్న: విశాఖపట్నంలో ఎంబీబీఎస్ రెండో ఏడాది చదువుతున్నాను. మాది సోంపేట దగ్గర పల్లె. నీట్‌కు లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని మరీ సీటు తెచ్చుకున్నాను. ఇప్పుడు పాథాలజీ పుస్తకం తెరిస్తే ఒకే పేజీ మీద గంట గడిచిపోతోంది. పగలు క్లాసులు, పోస్టింగులు. సాయంత్రం రికార్డులు. రాత్రి పీజీ కోచింగ్ యాప్‌లో వీడియోలు. పడుకునేసరికి రెండు దాటుతోంది. మొన్న వార్డులో మా వైపు నుంచే వచ్చిన కిడ్నీ రోగిని చూశాను. మా పెదనాన్న ఆ జబ్బుతోనే పోయారు. అయినా నాకేమీ అనిపించలేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను. అప్పటినుంచి నా మీద నాకే అసహ్యం వేస్తోంది. నేను డాక్టరు చదువుకు పనికిరానా మేడమ్? మానేయాలా?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, పాథాలజీ సంగతి తర్వాత. ముందు ఆ రోగి గురించి మాట్లాడుకుందాం.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ సోంపేట వైపు ఉద్దానంలో పుట్టి, ఇంట్లో ఒకరిని పోగొట్టుకుని, ఆ మంచం పక్కన నిలబడి కూడా మనసు చలించకపోతే ఎవరికైనా భయమే. క్రిస్టినా మాస్లాక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త మరొకరితో కలిసి 1981లో బర్నౌట్‌ను, అంటే పని ఒత్తిడికి మనిషి పూర్తిగా అలసిపోవడాన్ని, కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. అందులో చూసేవి మూడు: సత్తువ ఇంకిపోవడం, ఎదుటి మనిషి కేసుగా మాత్రమే కనబడటం, ఎంత చేసినా ఏమీ సాధించలేదనిపించడం. మూడూ నీ ఉత్తరంలో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా లెక్కించలేదు, పనిచోట చాలాకాలం సర్దుకోని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంటుంది. నీకు జాలి లేక కాదు, అలసిపోయి అలా ఉన్నావు.

అలసిపోవా మరి! రెండో ఏడాదిలో పీజీ కోచింగ్ ఏమిటమ్మా? పాథాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ చాలవా? రాత్రి ఎంత తక్కువ పడుకున్నామో చెప్పుకోవడం హాస్టళ్లలో ఒక గొప్పగా తయారైంది. పాథాలజీ పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి, ఆ గొప్ప నోటి పరీక్షలో, అదే వైవాలో, ఎక్కడ తేలుతుందో నాకు తెలుసు. పుస్తకం నిండా రంగు గీతలే ఉంటాయి, నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బులో వాపు ఎందుకొస్తుందని అడిగితే రెండు వాక్యాలు రావు.

ఆ యాప్ ఈ రోజే తీసేయి. పదకొండున్నరకు లైటు ఆర్పేయి. సాయంత్రం టీ కూడా మానాలి. తాగిన కెఫీన్‌లో దాదాపు సగం ఐదు గంటల తర్వాతా ఒంట్లోనే ఉంటుందని ఫార్మకాలజీ చదివే నీకు నేను చెప్పాలా? ఇక చదువు. ఒక అంశం అరగంట చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయి. రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో దీన్ని విద్యార్థుల మీద పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చూడకుండా గుర్తుచేసుకున్నవాళ్లకే ఎక్కువ జ్ఞాపకముంది. ఆసక్తి పుట్టాక కూర్చుందామనుకోకు. ఆ కాగితం మీద నాలుగు ముక్కలు సొంతంగా వచ్చిన రోజున అదే పుడుతుంది.

ఆ రోగి ఇంకా వార్డులో ఉంటే నోటుబుక్కు లేకుండా వెళ్లి కూర్చో. మీ ఊరి యాసలోనే మాట్లాడు. కొబ్బరితోటలో పనా, జీడితోటలోనా, తాగే నీళ్లు ఎక్కడివి, డయాలసిస్‌కు తోడెవరు వస్తారు అని అడుగు. ఉద్దానంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. దాని గురించి నీకున్నంత దగ్గరి పరిచయం మీ బ్యాచ్‌లో ఎంతమందికి ఉంటుంది? ఆ రాత్రికి కిడ్నీ అధ్యాయం ఒక్కటే చదువు.

ఇంకో మాట సూటిగా అడుగుతాను. రెండు వారాలకు పైగా రోజంతా దిగులుగా ఉంటోందా? ఇష్టమైన తిండి, స్నేహితులు, పాటలు ఏవీ పట్టడం లేదా? చచ్చిపోతే బాగుండుననిపిస్తోందా? అయితే అది డిప్రెషన్ కావచ్చు. బీచ్ రోడ్డులో నాలుగడుగులు వేస్తే పోయేది కాదు. సైకియాట్రిస్టును కలువు. మీ కాలేజీ ఓపీలో తెలిసినవాళ్లు చూస్తారనుకుంటే బయట ఇంకెవరి దగ్గరికైనా వెళ్లు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకో, మన అమ్మాయిల్లో రక్తహీనత ఎంత మామూలో చదువుకునే ఉంటావు. చావు ఆలోచన వస్తుంటే మాత్రం తెల్లవారేదాకా ఆగవద్దు. పక్క గది అమ్మాయిని లేపు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయి. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

మానేయాలా అన్నదానికి ఇప్పుడు జవాబు చెప్పను. నిద్రలేని మనిషి తేల్చుకోవలసిన విషయం కాదది. వచ్చే సెలవులకు పుస్తకాలు హాస్టల్లోనే వదిలి ఇంటికి వెళ్లు. మార్కుల సంగతి పక్కన పెట్టి నాకు రాసినదంతా అమ్మానాన్నలకు చెప్పు. తిరిగి వచ్చాక కూడా వద్దనే అనిపిస్తే మళ్లీ రాయి. సీటు కోసం పడిన కష్టం గుర్తుచేసి నిన్ను ఆపే ప్రయత్నం చేయను.