ఆరో తరగతి పిల్లలు సైన్స్ పాఠం చదవలేకపోతుంటే టీచరు ఏ శిక్షణలు తీసుకోవాలి?

మీరు అడిగింది ఇది: యూపీ (అప్పర్ ప్రైమరీ) స్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నారు. ఆరు, ఏడు తరగతుల్లో చాలామంది పాఠ్యపుస్తకం గట్టిగా చదవలేకపోతున్నారు. సైన్స్ శిక్షణకు వెళ్లాలా, చదవడం రాయడం నేర్పే శిక్షణకు వెళ్లాలా, అవి ఎక్కడ దొరుకుతాయి, దరఖాస్తు ఎలా?

రెండు రకాల శిక్షణల్లోనూ రిసోర్స్ పర్సన్‌గా, అంటే టీచర్లకు శిక్షణ ఇచ్చేవాడిగా పనిచేసినందువల్ల ముందే ఒక మాట చెబుతాను. ఈ రెండిటినీ విడదీసి చూడకండి. 'బాష్పోత్సేకం' (మొక్క ఆకుల నుంచి నీటిని ఆవిరిగా వదలడం) అన్న ఒక్క మాటలోనే 'ష్పో', 'త్సే' అని రెండు సంయుక్తాక్షరాలు. గుణింతాలు బాగా వచ్చిన పిల్లవాడు కూడా అక్కడ ఆగిపోతాడు, ఆగిన చోటే వాక్యం తెగిపోతుంది, ఆ తర్వాత మొక్క గురించి మీరు ఎంత బాగా చెప్పినా పుస్తకంలోంచి వాడికి ఏమీ అందదు. తెలుగు టీచరేమో ఆ మాటలు సైన్స్ వాళ్లు చూసుకుంటారనుకుంటారు. సైన్స్ టీచరేమో చదవడం తెలుగు పీరియడ్‌లో వస్తుందనుకుంటారు. అందుకే మీకు కావలసింది సైన్స్ పాఠంలోనే చదివించి రాయించే నైపుణ్యం. ఆ పేరుతో ఒకే కోర్సు దొరకదు, మూడు నాలుగు చోట్ల నుంచి పోగేసుకోవాలి.

ఏ శిక్షణకైనా పేరు ఇచ్చే ముందు మీ తరగతి ఎక్కడుందో చూసుకోండి. దీనికి అసర్ (ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ చేసే చదువుల సర్వే) పఠన పరీక్ష పత్రం చాలు. తెలుగులో దొరుకుతుంది, ఒక్కో పిల్లవాడికి ఐదు పది నిమిషాలు పడుతుంది. ముందు పేరా చదివించండి. మూడు తప్పులకు మించకుండా, వాక్యం వాక్యంలా చదివితే కథకు వెళ్లండి. తడబడితే పదాలకు దిగండి. ఐదు పదాల్లో నాలుగు సరిగ్గా చదివితే 'పదాల స్థాయి', అదీ రాకపోతే అక్షరాలు. ఆ కథ రెండో తరగతి స్థాయిది, కాబట్టి అది చదివాడని ఆరో తరగతి సైన్స్ చదవగలడని అనుకోవద్దు. కథ చదివిన వాళ్లకు మీ పాఠ్యపుస్తకంలోంచే అరవై పదాల పేరా ఇచ్చి నిమిషం చదివించండి. సరిగ్గా చదివిన పదాలు లెక్కపెట్టి, రెండు ప్రశ్నలు అడగండి. గడగడా చదివి జవాబు చెప్పలేని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు, వాళ్లను వేరే గుంపుగా రాసుకోండి.

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలన్న కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలు అని ఉంది కదా, దాన్ని యథాతథంగా పట్టుకుని పిల్లలను వెనకబడినవాళ్లని ముద్ర వేయకండి. తెలుగులో విభక్తులు, క్రియల చివర్లు మాటకే అతుక్కుంటాయి. హిందీలో రెండు మూడు పదాలయ్యేది మనకు ఒకే పొడవాటి పదం. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ చేసిన ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీలో ఏ భాషకు ఆ భాషకు వేరుగా ప్రమాణాలు పెట్టింది కూడా ఇందుకే.

ఎక్కువమంది అక్షరాలు, పదాల దగ్గరే ఉంటే మీకు ముందు కావలసింది ఎఫ్‌ఎల్‌ఎన్, అంటే పునాది స్థాయి చదవడం, రాయడం, లెక్కలు నేర్పే శిక్షణ. ఇబ్బంది ఏమిటంటే దీనికి మామూలుగా ప్రైమరీ ఎస్‌జీటీలనే (సెకండరీ గ్రేడ్ టీచర్లనే) పిలుస్తారు, పై తరగతులకు సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్లకు పిలుపు రాదు. తెలంగాణలో 2022లో మొదలైన ఎఫ్‌ఎల్‌ఎన్ కార్యక్రమం తొలిమెట్టు ఒకటి నుంచి ఐదు తరగతులకే. అయినా ఎంఈఓ (మండల విద్యాధికారి) గారిని అడిగి ఒక బ్యాచ్‌లో కూర్చోండి, ఖాళీ ఉంటే సాధారణంగా కాదనరు. అది కుదరకపోతే ప్రభుత్వ దీక్షా యాప్‌లో టీచర్ల ఆన్‌లైన్ శిక్షణ నిష్ఠా 3.0 చూడండి, అందులో ఎఫ్‌ఎల్‌ఎన్ మీద పన్నెండు కోర్సులున్నాయి. అన్నీ చేయాల్సిన పని లేదు. భాష, అక్షరాస్యత మీద ఉన్న కోర్సు, మూల్యాంకనం మీద ఉన్న కోర్సు మీకు నేరుగా పనికొస్తాయి. ప్రథమ్ వాళ్ల 'టార్ల్' (టీచింగ్ ఎట్ ది రైట్ లెవెల్) పద్ధతి కూడా తెలుసుకోండి. తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి పిల్లలను గుంపులు చేసి రోజూ గంట, గంటన్నర నేర్పడం దాని మూలం. వారానికి ఒకసారి చేస్తే ఫలితం రాదు, చాలాచోట్ల ఇది చతికిలబడేది అక్కడే.

దీక్షాలో సర్టిఫికెట్ రాలేదని గొడవ పడేవాళ్లు ఎక్కువ. కారణాలు కొన్నే. కోర్సు బ్యాచ్‌కు ముగింపు తేదీ ఉంటుంది, అది దాటితే చేరలేరు. వీడియోను చివరిదాకా లాగేస్తే పూర్తయినట్టు లెక్కలోకి రాకపోవచ్చు. చివరి మూల్యాంకనంలో 70 శాతం రావాలి, ప్రయత్నాలకు కూడా పరిమితి ఉంటుంది, కాబట్టి పాఠం చూడకుండా పరీక్షలోకి దూకొద్దు. ఫోన్లో నెట్ లేకుండా చేస్తే ప్రోగ్రెస్ పైకి వెళ్లదు. నెట్ వచ్చాక కోర్సు పేజీలో మూడు చుక్కల దగ్గర 'సింక్ ప్రోగ్రెస్' నొక్కాలి. సర్టిఫికెట్ మీద పేరు ప్రొఫైల్‌లోంచి వస్తుంది, కాబట్టి చేరేముందే సర్వీస్ రిజిస్టర్‌లో ఉన్నట్టు ఇంటిపేరుతో సహా సరిచూసుకోండి. చేరేటప్పుడు వివరాలు రాష్ట్రానికి పంపడానికి సమ్మతి అడుగుతుంది. వద్దంటే మీరు కోర్సు చేసినా శాఖ జాబితాలో మీ పేరు కనిపించకపోవచ్చు.

ఇక సైన్స్ వైపు. మండల స్థాయి శిక్షణలో మొదట ఎగిరిపోయేది ప్రయోగమే. రాష్ట్రంలో రెండు రోజులు చేతులతో చేయించినది జిల్లాకు వచ్చేసరికి ఒక పూట, మండలానికి వచ్చేసరికి స్క్రీన్ మీద ఫొటో. సామగ్రి రాలేదంటారు. శిక్షణకు ముందురోజే రిసోర్స్ పర్సన్‌కు ఫోన్ చేసి రేపు ఏ కృత్యం ఉందో అడిగి, మీ బడి నుంచే సామాను పట్టుకెళ్లండి. ఒక్కరు తెస్తే చాలు, హాలంతా చేస్తుంది. అక్కడే ఇంకో మాట అడగండి: "ఈ కృత్యం చేశాక పిల్లవాడు నోట్‌బుక్‌లో ఏం రాయాలి?" ఈ ప్రశ్నకు జవాబు లేని శిక్షణ మీ సమస్యకు సగమే పనికొస్తుంది.

దీన్ని బాష్పోత్సేకం పాఠంతోనే చూద్దాం. కావలసినవి రంగు లేని రెండు పాలిథిన్ కవర్లు, దారం. ఉదయం మొదటి పీరియడ్‌లో కానుగ, మందార లాంటి చెట్టుకు ఎండ తగిలే వైపు ఎనిమిది పది ఆకులున్న కొమ్మకు ఒక కవరు తొడిగి, మూతి బిగించి కట్టించండి. రెండో కవరు అదే చెట్టుకు ఆకులు తీసేసిన కొమ్మకు కట్టించండి. చాలామంది ఈ రెండోది కట్టరు. అది లేకపోతే "కవర్లో గాలి ఉంది కదా సార్, ఆ గాలిలోని తేమే" అని పిల్లలు అంటారు, అది సరైన సందేహం, మీ దగ్గర జవాబు ఉండదు. కవరు లోపల ముందే పొడిగా తుడవాలి. ముందురోజు వాన పడి ఉంటే ఆకులు కూడా తడిగా ఉంటాయి, ఆ రోజు వద్దు. మబ్బు రోజున చుక్కలు సరిగ్గా కనబడవు. మూతి వదులైతే ఆవిరి బయటికి పోతుంది. అన్నీ కుదిరితే మధ్యాహ్న భోజనం లోపే ఆకులున్న కవరు లోపలి వైపు మసకబారి, సన్నని చుక్కలు కనబడతాయి.

కట్టడానికి ముందే ప్రతి పిల్లవాడూ ఒక వాక్యం రాయాలి: ఏ కవర్లో ఏమవుతుందనుకుంటున్నావు, ఎందుకు. చూశాక నోట్‌బుక్‌లో నిలువుగా గీత గీసి, ఒకవైపు 'చూసింది', రెండోవైపు 'అనుకుంటున్నది' అని రాయించండి. ఇక్కడే అసలు బోధన ఉంది. దాదాపు అందరూ 'చూసింది' కింద 'ఆకులు నీళ్లు వదిలాయి' అని రాస్తారు. ఆకు నీళ్లు వదలడం ఎవరూ చూడలేదు. చూసింది 'కవరు లోపల నీటి చుక్కలు ఉన్నాయి' అన్నదే. మొదటి వాక్యం రెండో వైపుకు పోవాలి, దానికి 'ఎందుకంటే ఆకులు లేని కవర్లో చుక్కలు లేవు' అన్న కారణం తోడవ్వాలి. రాతలో వచ్చే ఈ చిన్న సర్దుబాటుతోనే పరిశీలనకూ నిర్ధారణకూ తేడా పిల్లలకు తెలుస్తుంది. సైన్స్ రాత అంటే అదే.

పుస్తకం ఆ తర్వాతే తెరవండి. 'బాష్పోత్సేకం' బోర్డు మీద రాసి, బా–ష్పో–త్సే–కం అని విడదీసి, ఒత్తు కింద గీత గీసి, నాలుగుసార్లు అందరితో పలికించండి. అదే ఒత్తు ఉన్న తెలిసిన మాటలు అడగండి: పుష్పం, ఉత్సవం. ఒక పాఠానికి ఇలాంటి మాటలు ఐదారు మించొద్దు. అప్పుడు పేరా జంటలుగా చదివిస్తే, ఇంతకుముందు ఆగిన పిల్లలు దాటేస్తారు, ఎందుకంటే మాటా తెలుసు, విషయమూ కళ్లారా చూశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇప్పుడు ద్విభాషా పుస్తకాలున్నాయి కాబట్టి, తెలుగు పేజీ చదివాక ఎదురు పేజీలో అదే పేరాకు ఇంగ్లిష్‌లో ఉన్న కీలక పదం చూపించండి. వరస తిప్పితే, అంటే ఇంగ్లిష్ ముందు చదివిస్తే, ఈ స్థాయి పిల్లలకు రెండూ పోతాయి.

ఇలాంటి పని నేర్పే చోట్లకు వద్దాం. ఇంటికి దగ్గరగా ఉన్నది స్కూల్ కాంప్లెక్స్ సమావేశమే. దాన్ని టీచర్లే తక్కువగా చూడడం నాకు బాధగా ఉంటుంది. రోజంతా రిజిస్టర్లు, యాప్ అప్‌లోడ్‌ల మీదే పోతుంది కాబట్టి నలభై నిమిషాలు ముందే అడిగి పెట్టుకోండి. ఇరవై నిమిషాలు ఆ బడి పిల్లలకే ఒకరు పాఠం చెప్పాలి, మిగతావాళ్లు టీచరును కాదు, తలా ముగ్గురు పిల్లలను గమనించాలి. తర్వాత ఐదు నోట్‌బుక్‌లు బల్ల మీద పెట్టి, ఏ వాక్యం ఎక్కడ ఆగిపోయిందో మాట్లాడుకోవాలి. "పాఠం బాగుంది మేడమ్" అనే మాట నిషేధించండి, దాంతో చర్చ ఆగిపోతుంది.

ప్రయోగాల కోసం రాయలసీమ వాళ్లకు అందుబాటులో ఉన్నది కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్. తక్కువ ఖర్చు నమూనాలు ఎలా చేయాలో, ప్రశ్నలు ఎలా లేవనెత్తాలో అక్కడ బాగా చూపిస్తారు. నమూనా ఫొటో తీసుకుని వచ్చేస్తే లాభం లేదు, అక్కడే ఒకటి మీ చేతులతో చేసి తెచ్చుకోండి. హైస్కూల్ చెప్పేవాళ్లయితే ముంబైలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్ వారి విజ్ఞాన్ ప్రతిభ పాఠ్య యూనిట్లు ఉచితంగా దించుకోవచ్చు. అవి ఎనిమిది నుంచి పది తరగతులకు, కాబట్టి ఆరు, ఏడు తరగతులకు నేరుగా వాడకండి, ప్రశ్నలు అడిగే తీరు మాత్రం తీసుకోండి. మైసూరు ప్రాంతీయ విద్యాసంస్థ దక్షిణాది రాష్ట్రాలకు ఉద్దేశించినది, అక్కడి కార్యక్రమాలకు పేర్లు సాధారణంగా ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి) ద్వారా వెళ్తాయి. మీ డైట్‌లో (జిల్లా విద్యా శిక్షణ సంస్థలో) సైన్స్ లెక్చరర్‌కు ఆసక్తి ఉందని ముందే చెప్పి ఉంచడం మంచిది, ఎందుకంటే పేర్లు అడిగే ఉత్తర్వుకు గడువు రెండు మూడు రోజులే ఉంటుంది. ఇంగ్లిష్ మీడియంలో చెప్పాల్సి వచ్చి ఇబ్బంది పడుతుంటే బెంగళూరులోని ప్రాంతీయ ఇంగ్లిష్ సంస్థ 30 రోజుల కోర్సు ఉంది, దానికీ డెప్యుటేషన్ మీదే వెళ్లాలి.

చదివించడానికి సరుకు కూడా కావాలి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా ఉన్నాయి, సైన్స్ కథలూ ఉన్నాయి. మొదటి స్థాయివి పదాల దగ్గర ఉన్న పిల్లలకు, రెండోవి పేరా చదివేవాళ్లకు సరిపోతాయి. కొన్ని అనువాదాలు బిరుసుగా ఉంటాయి, ప్రింట్ తీసే ముందు ఒకసారి గట్టిగా చదివి చూడండి, మీ నాలుకకే తగిలితే పిల్లలకు ఇవ్వొద్దు. అరవింద్ గుప్తా వెబ్‌సైట్‌లోనూ తెలుగు పుస్తకాలు, పారేసే వస్తువులతో చేసే సైన్స్ బొమ్మలు ఉన్నాయి.

చివరగా కాగితాలు. ప్రైవేటు సంస్థ శిక్షణకు ఎంఈఓ లేదా డీఈఓ (జిల్లా విద్యాధికారి) ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, వాట్సాప్‌లో 'ఓకే' అన్నది ఓడీకి (ఆన్ డ్యూటీగా లెక్కించడానికి) సరిపోదు. బడిలో ఒకరే టీచరైతే ప్రత్యామ్నాయం ఎవరో అదే దరఖాస్తులో రాయండి, లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. తిరిగొచ్చేటప్పుడు తేదీలు, గంటలు రాసిన హాజరు ధ్రువపత్రం అడిగి తీసుకోండి. జాతీయ విద్యా విధానం 2020 ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి వికాసం అంటోంది, గంటలు లేని సర్టిఫికెట్‌ను ఆ లెక్కలో చూపడం కష్టం. శిక్షణ వేసవి సెలవుల్లో పడితే అదే హాజరు పత్రంతో ఈఎల్స్ ప్రిజర్వేషన్‌కు, అంటే ఆ రోజులకు బదులు ఎర్న్‌డ్ లీవులు జమ చేయించుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ప్రొసీడింగ్స్ వచ్చాక సర్వీస్ రిజిస్టర్‌లో నమోదు చేయించడం మర్చిపోకండి.