మేనల్లుడికి, ఇంటి సంగతీ పిల్లల డబ్బు సంగతీ

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

పిల్లలిద్దరి చదువులు ముగిసేదాకా ఇంటి మీద చిల్లిగవ్వ పెట్టనని ఒట్టు పెట్టుకున్నావట, జీతంలో మూడో వంతు వాళ్ళ పేరున పక్కన పెడుతున్నావట. కోడలు ఫోనులో చెప్పింది. వినగానే గర్వపడ్డాను. చిన్నప్పుడు నీ చేతిలో పడిన డబ్బు సాయంత్రందాకా నిలిచేది కాదు. అలాంటివాడివి ఇంత పట్టుదల మనిషివి అవుతావని మాలో ఎవరూ అనుకోలేదు. ఆ తర్వాత మాటల మధ్యలో, పడమటి గది పైకప్పు మీద మళ్ళీ మరక కనిపించిందనీ, నువ్వు దాని మీద రంగు వేయించి ఊరుకున్నావనీ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోను చేస్తే "సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

తేలికైన సంగతులు ముందు. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే డబ్బు ఎప్పుడంటే అప్పుడు చేతికొచ్చేలా విడిగా ఉంచు. జీవిత బీమా నీ పేరున ఉండాలి, పిల్లల పేరున కాదు; సంపాదించేది నువ్వు. ప్రతి ఖాతాకూ నామినీని రాయించు. ఎక్కువ వడ్డీ అప్పు ఏదైనా ఉంటే పొదుపు కంటే ముందు దాన్ని తీర్చు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇక అసలు సంగతి. నీ ఒట్టు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. నువ్వు కోరుకున్న చదువుకు సీటు వచ్చిన ఏడాదే మీ నాన్న నీ కోసం దాచిన డిపాజిట్ తీసి ఇంటికి పెట్టాడు. నువ్వు వేరే కోర్సులో చేరావు. "నాన్నకు నాకంటే ఇల్లే ఎక్కువ" అని నా దగ్గర ఏడ్చావు. జరిగింది నీకు చెప్పవద్దని అన్నయ్య నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇప్పుడు ఆయన లేడు. అదే తప్పు నువ్వు మళ్ళీ చేస్తుంటే ఆ మాట పట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

మీ నాన్న ఇంటి మీద డబ్బు తగలేయలేదు. పెట్టవలసిన రోజున పెట్టలేదు, అంతే. నువ్వు పుట్టిన ఏడే నీ పేరున దాచడం మొదలుపెట్టాడు. అప్పటికే మేడ మీద తూము దగ్గర వాటం పోయింది. వాన పడితే నీళ్ళు బయటికి పోకుండా పిట్టగోడ వారగా నిలిచేవి. మేస్త్రీ వచ్చి చూసి, పై పూత కొట్టేసి, తూము వైపు వాటం తీసి మళ్ళీ పోయాలన్నాడు. అతను చెప్పిన మొత్తం నీ డిపాజిట్‌లో ఏడాదికి పడే జమతో సమానం. అన్నయ్య కాగితం మీద లెక్క వేసుకుని, "గోడ మీది మరక కోసం వాడి చదువులో కోత పెట్టనా?" అన్నాడు. మరుసటి ఏడు చూద్దామన్నాడు. ఆ మరుసటి ఏడు ఎన్నిసార్లు వచ్చిందో! ప్రతి ఏటా వానలు వెనకబడగానే మరకను గీకించి సున్నం వేయించేవాడు. పైన నీళ్ళు అలాగే ఉండేవి, కింద గది మాత్రం తెల్లగా ఉండేది.

వదిన చదువుకున్నది తక్కువే కానీ ఆమెకు అనుమానం వచ్చింది. మరక గోడ మీదికి దిగాక దాని అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన నెల రాసి పెట్టేది. తలుపు దగ్గర నీ ఎత్తు కొలిచిన గీతల్లాగే ఉండేవి, కాకపోతే ఇవి కిందికి దిగుతూ వచ్చాయి. సున్నం వేసిన ప్రతిసారీ చెరిగిపోయేవి, ఆమె మళ్ళీ గీసేది. అన్నయ్య నవ్వేవాడు.

కాంక్రీటులో ఉన్న ఇనుము మామూలుగా తుప్పు పట్టదు. సిమెంటులోని క్షారగుణం దాన్ని కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి లోపలికి చొచ్చుకుపోయి ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. దానికి తడి తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పుకు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు కావాలి. కాంక్రీటును చీల్చి ఆ చోటు చేసుకుంటుంది. ఆ చీలికలోంచి మరిన్ని నీళ్ళు, మరింత తుప్పు. అందుకే చాలా ఏళ్ళు ఏమీ కానట్టే ఉంటుంది. ఆ తర్వాత మనకు వ్యవధి ఇవ్వదు.

నీ పరీక్షల నెలలో ఒక రాత్రి పెద్ద పెచ్చు ఊడి నీ మంచం మీద పడింది. ఆ రాత్రి నువ్వు చదువుకోవడానికి స్నేహితుడి ఇంటికి వెళ్ళావు కనుక సరిపోయింది. తెల్లవారి నేను వచ్చేసరికి అన్నయ్య నీ తలగడ మీది సిమెంటు ముక్కలు ఏరి బకెట్‌లో వేస్తున్నాడు. ఒక ముక్క అడుగున తుప్పు పొర అంటుకుని ఉంది. వేలితో నొక్కితే రేకులు రేకులుగా రాలింది. పైన కడ్డీలు బయటపడి, సగానికి సగం చిక్కిపోయి కనిపించాయి. ఆయన ఏమీ మాట్లాడలేదు. దుప్పటి మార్చి, నీ మంచం హాల్లోకి లాగి, నువ్వు వచ్చాక "శ్లాబు మరమ్మతు ఉంది, కొన్నాళ్ళు ఇక్కడ పడుకో" అన్నాడు. ఆ గది శ్లాబు మొత్తం పగలగొట్టి కొత్తగా పోయవలసి వచ్చింది. ఏడాది జమతో తీరే పని డిపాజిట్ మొత్తాన్ని మింగి, పైన అప్పు కూడా మిగిల్చింది. నీ మంచం మీద ఏం పడిందో నీకు తెలియడం కంటే నువ్వు తనను తిట్టుకోవడమే మేలనుకున్నాడు మా అన్నయ్య.

ఇప్పుడు చెప్పు, మరక మీద రంగు వేయించింది ఎవరు? ఆ గదిలో పడుకునేది ఎవరు? పెద్దది కాదూ? మండిపడుతున్నానని అనుకోకు. భయంతో రాస్తున్నాను. గోడ మీద చెమ్మ కనిపిస్తే ఈ వయసులోనూ నా చెయ్యి వణుకుతుంది.

ఈ వారంలోనే పిల్లను ఆ గదిలోంచి మార్చు. తర్వాత మరక అంచు వెంట పెన్సిల్‌తో గీసి తేదీ వెయ్యి. వానకు మాత్రమే పెరిగితే దోషం పైకప్పుది. ఎండల్లోనూ తడి ఆరకపోతే ఎక్కడో పైపు కారుతోంది. గోడ మీది చెమ్మ గోడలోంచి వస్తోందా, గాలిలోంచి వస్తోందా అని అనుమానమైతే ఒక పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు చూడు. లోపలి వైపు తడి చేరితే గోడది, బయటి వైపు చేరితే గాలిది. శ్లాబును చిన్న సుత్తితో మెల్లగా తట్టి చూస్తే మంచి కాంక్రీటు గట్టిగా మోగుతుంది, పెచ్చు లేచిన చోట డొల్ల శబ్దం వస్తుంది. తట్టేటప్పుడు సరిగ్గా దాని కింద నిలబడకు. మేడ మీద నీళ్ళు నిలబెట్టి పరీక్షిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. రెండున్నర సెంటీమీటర్ల లోతు నీళ్ళు ఒక్క చదరపు మీటరుకు 25 కిలోల బరువు. చిక్కిన కడ్డీల మీద ఆ బరువు ఎందుకు?

లీకు ఆపే రసాయనాలు అమ్మేవాణ్ణి మొదట పిలవకు. వాడికి ప్రతి ఇంట్లోనూ తన డబ్బానే కనిపిస్తుంది. డబ్బు ఇచ్చి ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించు, అమ్మడానికి ఏమీ లేనివాణ్ణి. పాత రంగు గీకేటప్పుడు పిల్లలు ఇంట్లో ఉండకూడదు. పాతకాలపు రంగుల్లో సీసం ఉండేది. ఆ ధూళి పిల్లల మెదడుకు చేటు, ఇంత వరకైతే ఫరవాలేదని చెప్పగల మోతాదే లేదు. పొడిగా గీకనివ్వకుండా తడిపి గీకించు, ఆ చెత్త వాకిట్లో పడెయ్యనివ్వకు. అదే విడతలో కరెంటు బోర్డు కూడా చూపించి, 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా సరఫరా ఆపేసే స్విచ్చు, ఆర్‌సీసీబీ అంటారు, లేకపోతే పెట్టించు. తడి గోడలూ పాత వైర్లూ ఒకచోట ఉండకూడదు.

ఈ ఖర్చులను ఇంటి పద్దులో రాయకు. పిల్లల పద్దులోనే రాయి. నువ్వు అక్కడే గీత తప్పు చోట గీశావు: ఒక వైపు ఇల్లు, ఒక వైపు పిల్లలు అని. నన్నడిగితే గీత ఉండవలసింది మరమ్మతుకూ హంగుకూ మధ్య. హాలుకు కొత్త గచ్చు, ముందు వైపు రాతి పలకలు, డిజైన్ సీలింగు, ఇవన్నీ హంగులు. ఇల్లు అమ్మినా వాటికి పెట్టింది పెట్టినట్టు తిరిగి రాదు. వాటి మీద నీ ఒట్టు ఉండనీ, నేను సాక్షి సంతకం పెడతాను.

వంటగది పనిని కూడా హంగుల్లో కలిపి ఆ ఒట్టు కింద ఆపేశావు చూడు, అక్కడ కోపం వచ్చింది. ఆ గదిలో నిలబడినదాన్ని నేను. కిటికీ పేరుకే ఉంది, గట్టు తక్కువ ఎత్తు. పొయ్యి దగ్గర గంట నిలబడితే నడుము పట్టేస్తుంది. నువ్వు అక్కడ ఎంతసేపు నిలబడ్డావు? కిటికీ పెంచడం, గట్టు ఎత్తు చేయడం, పొగ బయటికి లాగే ఫ్యాను, ఇవి చేయించు. గోడ కొట్టి గది పెద్దది చేయడం మాత్రం ఆ గోడ మీద పైకప్పు బరువు ఉందో లేదో ఇంజనీరు చెప్పాకే. నిగనిగలాడే అల్మారాలు ఆగుతాయి, కోడలికి నేను చెబుతాను. పెద్దదానికి తలుపు మూసుకుని చదువుకునే చోటు కావాలంటే హాలు చివర ఒక చెక్క అడ్డు చాలు. కొత్త గది అక్కరలేదు.

డబ్బు ఎక్కడ నుంచి తేవాలన్నది నీ ప్రశ్న కదా. పెద్దది మూడేళ్ళలో కాలేజీకి వెళుతుంది. ఆమె డబ్బు ముట్టుకోకు, మళ్ళీ నింపే వ్యవధి లేదు. అది షేర్లలో ఉంటే ఇప్పుడే తీసి డిపాజిట్‌లోకి మార్చు. అవసరమైన నెలలోనే మార్కెట్ పడితే ఎవరిని అడుగుతావు? చిన్నవాడికి పన్నెండేళ్ళ గడువు ఉంది. 72ను వడ్డీ శాతంతో భాగిస్తే సొమ్ము దాదాపుగా ఎన్నేళ్ళలో రెట్టింపవుతుందో తెలుస్తుంది. 6 శాతానికి 12 ఏళ్ళు. కాబట్టి వాడి ఖాతాలో ఇప్పటికే ఉన్నదాన్ని కదిలించకు, పెరగనీ. కానీ ఫీజులకూ అదే లెక్క: ఏడాదికి 8 శాతం పెరిగితే 9 ఏళ్ళలోనే రెట్టింపు. వడ్డీ ఒక్కటే నమ్ముకుంటే వెనకబడతావు. వాడి వంతులో కొంత మ్యూచువల్ ఫండ్లలో ఉండవచ్చు, కాలేజీ దగ్గరపడే కొద్దీ మెల్లగా వెనక్కి తెచ్చుకోవాలి.

ఇంటి మరమ్మతుకు కావలసింది పాత జమలోంచి కాదు, ఇకపై వేయబోయే వాయిదాల్లోంచి తియ్యి. చిన్నవాడి పేరున నెలనెలా వేసేది కొన్ని నెలలు ఆపి, జీతం పెరిగినప్పుడు కాస్త ఎక్కువ వేసి పూడ్చు. వాడికి కాలం ఉంది కనుక ఆ భారం వాడు మోయగలడు. ఆడపిల్లకు ఇంత చాలులే అని ఎవరైనా సలహా ఇస్తే నా దగ్గరికి పంపించు. నాకు అలా చాలించారు. అన్నట్టు, మీ ఇద్దరి వృద్ధాప్యానికి దాచేది ఆపి పిల్లలకు మళ్ళించావని కూడా విన్నాను. చదువుకు బ్యాంకు అప్పు ఇస్తుంది. నీకు డెబ్బై ఏళ్ళు వచ్చాక కూర్చుని తినడానికి ఏ బ్యాంకూ అంత తేలికగా ఇవ్వదు. అప్పుడు ఆ భారం పడేది ఈ పిల్లల మీదే.

అంచనా కాగితం చేతికి రాగానే దానికి నాలుగో వంతు కలిపి చూసుకో. ఆ మొత్తం సిద్ధంగా లేకపోతే సుత్తి పడనివ్వకు. నేను ఉద్యోగమంతా అంచనాల విభాగంలోనే చేశాను. పాత భవనాల పనుల్లో, సవరించిన అంచనా జత కాని ఫైలు నా బల్ల మీదికి వచ్చిన గుర్తు లేదు. తెరిచేదాకా గోడ లోపల ఏముందో మేస్త్రీకీ తెలియదు. డబ్బు పని జరిగినకొద్దీ ఇవ్వు, చివరి వాయిదా ఒక గట్టి వాన పడి, కింద పొడిగా ఉందని చూశాకే. కొత్తగా పోసిన కాంక్రీటును కనీసం వారం రోజులు ఆరనివ్వకుండా తడుపుతూ ఉండాలి. నీళ్ళంటే హడలిపోయే అత్తయ్యే నీళ్ళు పొయ్యమంటోందని నవ్వుకో, కానీ మేస్త్రీ మీద వదిలేయకుండా నువ్వే పొయ్యి.

ఇంజనీరు వచ్చే రోజు ముందుగా చెప్పు, నేను కూడా వస్తాను. మెట్ల కింద గోడలో పాత నీళ్ళ పైపు ఎక్కడ మలుపు తిరిగిందో ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియక అక్కడ డ్రిల్లు వేశారంటే ఇంకో ఖర్చు.

నీ అత్తయ్య