అందరి బాక్సులూ నిండుతున్నాయి, మరి మీ నోటికి ఏం కావాలి?

ప్రశ్న: నా వయసు 39. ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. సొంతూరు వరంగల్ దగ్గర. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాం. ఇంట్లో మా ఆయన, పదో తరగతి బాబు, ఆరో తరగతి పాప, అత్తమ్మ. పొద్దున ఐదింటికి లేస్తే ఏడున్నరలోపు టిఫిను, నాలుగు బాక్సులు, బీపీ, షుగర్ ఉన్న అత్తమ్మకు ఉప్పు తగ్గించి వేరే కూర. రాత్రి ఆమెకు జొన్నరొట్టె, పిల్లలకు ఇంకోటి. ఒకప్పుడు వంటంటే నాకు ప్రాణం. ఇప్పుడు స్టవ్ ముందు నిలబడితేనే విసుగొస్తోంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనరు. ‘చేతకాకపోతే ఆర్డర్ పెట్టుకుందాం’ అంటారు మా ఆయన, ప్రేమగానే. మొన్న మా అమ్మ చేసే సర్వపిండి తినాలనిపించింది. నా ఒక్కదాని కోసం అంతసేపు స్టవ్ దగ్గర ఉండటం తప్పేమో అనిపించి మానేశాను. ఇది కూడా ఒక సమస్యేనా?
– ఓ సోదరి, హైదరాబాద్

జవాబు: సమస్యే. పైకి చిన్నగా కనిపిస్తుంది కాబట్టే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేకపోయారు.

ఎవరికి ఏం వండాలో, ఎవరికి ఏది పడదో అంతా రాశారు. మీ గురించి వచ్చింది ఒక్క సర్వపిండి, అదీ చేసుకోకుండా వదిలేసిన సర్వపిండి. రోజూ ఐదుగురికి వండుతున్నారు, నలుగురి నోటికి తగ్గట్టు. ఐదో మనిషికి మిగిలిందేదో అదే. ఏళ్ల తరబడి ఇలా సాగితే ఎంత ఇష్టంగా వండేవాళ్లకైనా విసుగొస్తుంది. ఆ ఇష్టం చచ్చిపోయిందని మాత్రం బాధపడకండి. అమ్మ చేతి వంట గుర్తొచ్చి నోరూరిందంటే అది ఇంకా ఉన్నట్టే.

ఈ అలసట మీ ఒక్కరిదే కాదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేయించిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఇంటిపనిలో చెయ్యి వేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. అసలు చెయ్యే వేయనివాళ్లు ఈ సగటులోకి రారు. అంటే ఆడవాళ్లకు దాదాపు ఐదు గంటలు. బడిలో రోజంతా నిలబడి పాఠాలు చెప్పే మనిషి ఆ ఐదు గంటలు ఎక్కడి నుంచి తెస్తుంది? నిద్రలోంచి తెస్తుంది, తనకంటూ మిగలాల్సిన కాస్త తీరికలోంచి తెస్తుంది.

ముందు పొద్దుటి హడావిడి తగ్గించుకోండి. కూర ఉడికాక, ఉప్పు వేయకముందే అత్తమ్మ వాటా వేరే గిన్నెలోకి తీయండి. అందులో డాక్టర్ చెప్పినంతే ఉప్పు వేసి, కాస్త నిమ్మరసం పిండితే చప్పదనం అంతగా తెలియదు. పోపు ఒక్కసారే పెట్టి రెండింట్లోనూ పంచేయండి. ఒకే కూర రెండుసార్లు వండే పని తప్పుతుంది. బాబు పదో తరగతి కదా అని మినహాయించకండి. రాత్రి పడుకునే ముందు బాక్సులు కడిగి బోర్లించినంత మాత్రాన మార్కులు తగ్గవు. మర్నాటి కూరగాయలు తరగడం మీ ఆయనకు అప్పగించండి. స్తోమత ఉంటే పొద్దుటి బాక్సుల వరకు వంటమనిషిని పెట్టుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

మీ ఆయన మీ బాధను వంట చేయలేకపోవడంగా అర్థం చేసుకున్నారు. అందుకే ఆర్డర్ అంటున్నారు. మీకేమో తీరిగ్గా, మీకు నచ్చింది వండుకోవాలని ఉంది. నోరు తెరిచి చెప్తే తప్ప ఈ తేడా ఆయనకు తెలియదు. ‘ఆదివారం సాయంత్రం గంటన్నర నన్ను పిలవొద్దు. పిల్లల హోంవర్కు, అత్తమ్మ మందులు, కాలింగ్ బెల్లు, అన్నీ మీరే చూసుకోండి’ అనండి. ‘ఏమనుకోకండి’ అంటూ మాత్రం మొదలుపెట్టొద్దు.

ఆ గంటన్నరలో సర్వపిండే చేసుకోండి. అంతకన్నా సులువైన వంట చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఇది తొందరపెడితే కుదిరే వంట కాదు. శనగపప్పు ముందే నానేయాలి. బియ్యప్పిండిలో ఆ పప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కరివేపాకు, కారం, ఉప్పు ఎంతెంత పడాలో మీ చేతికే గుర్తుంటుంది. గుర్తు లేకపోతే అమ్మకు ఫోన్ చేయండి. ఆ మాటలు కూడా మీకు కావలసినవే. నూనె రాసిన గిన్నెలో పిండిని పల్చగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో చుక్క చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్న మంట మీద వదిలేయాలి. ఒకటి దించాక ఆ గిన్నె చల్లారితే తప్ప రెండోది ఒత్తలేం, చెయ్యి కాలుతుంది. పని త్వరగా అవ్వాలని రెండు గిన్నెలు పెట్టుకునేవాళ్లున్నారు. మీరు ఒక్కటే పెట్టుకోండి. అది చల్లారేలోపు సింకులో గిన్నెల వైపు చూడకండి. కూర్చుని, ఆ మొదటి సర్వపిండిలో అడుగు ఎర్రగా కాలిన ముక్క విరుచుకుని వేడివేడిగా మీరే తినండి.

తప్పేమో అన్నారు. బాబు అడిగాడని పూరీలు ఒత్తిన రోజు, ఒక్కడి కోసం ఇంత నూనె, ఇంతసేపా అని ఎప్పుడైనా అనుకున్నారా? మీ విషయంలోనూ అదే లెక్క వేసుకోండి.

మామూలు రోజుల్లో గంటన్నర దొరకదు, నిజమే. అందుకే వారంలో ఒక రాత్రి ఏం వండాలన్నది మీ ఇష్టమని ఇంట్లో చెప్పేయండి. ఒళ్లు అలసిపోయి వచ్చిన రోజు కుక్కర్‌లో పెసరపప్పు కిచిడీ పడేసి, పచ్చిపులుసు పిసికితే చాలు. ఆ రాత్రి వేరే వంట ఉండదు, అందరూ అదే తింటారు. మీరూ వాళ్లతోపాటే కూర్చుని తినండి. ఎవరికి ఏం కావాలన్నా గిన్నెలు మధ్యలోనే ఉంటాయి, వడ్డించుకోవడం అందరికీ వచ్చు.

ఒక విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. విసుగు వంటతో ఆగకుండా అన్నిటిమీదా కమ్ముకుంటుంటే, నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, రెండు వారాలు దాటినా ఏదీ చేయాలనిపించకపోయినా, దాన్ని సర్వపిండితో సరిపెట్టుకోవద్దు. డాక్టర్‌కు చూపించుకుని రక్తహీనత, థైరాయిడ్ ఉన్నాయేమో పరీక్ష చేయించుకోండి. మనసు గురించి మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆదివారం వాసనకు అందరూ వంటింట్లోకి వస్తారు, రానివ్వండి. అత్తమ్మ పళ్లకు గట్టిగా ఉంటుందనుకుంటే చివరి గిన్నె పిండిలో సొరకాయ తురుము కలపండి, మెత్తగా వస్తుంది. షుగర్ ఉంది కాబట్టి ఆమెకు చిన్న ముక్కే. పిల్లలు కారమంటే వాళ్ల పక్కన పెరుగు గిన్నె పెట్టండి. మీ అమ్మ వేసే కారం మాత్రం తగ్గించకండి.